మిద్దె వెనక జాగా

నా చిన్నప్పుడు ఇల్లంటే నాకు తెలిసింది ఒక గది, ఒక వంటసాల, ఇంకొకరి గడప. నంద్యాలలో ఒక పెద్ద మిద్దెలో వెనక వాటాలో మేము బాడుగకు ఉండేవాళ్లం. ముందు వాటాలో ఇంటివాళ్లు ఉండేవాళ్లు. బావి దగ్గరికి పోవాలన్నా, బట్టలు ఆరేయాలన్నా, బడికి బయల్దేరాలన్నా వాళ్ల నడవలోంచే పోవాలి. తమ్ముడు ఏడిస్తే అమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. చుట్టాలొస్తే నాయన గొంతు తగ్గించి మాట్లాడేవాడు. మా నాయన బడిపంతులు. బడిలో గొంతెత్తి పాఠం చెప్పే మనిషి ఇంట్లో గుసగుసలాడటం నాకు వింతగా ఉండేది. కొన్నాళ్లకు నాకూ అదే అలవాటైంది.

ఇంటాయన చెడ్డవాడేమీ కాదు. పండక్కి భక్ష్యాలు పంపేవాడు. క్రిస్మస్‌కు మా అమ్మ చేసిన కజ్జికాయలు ఇష్టంగా తినేవాడు. మాకు జ్వరాలొస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి తన సైకిలు ఇచ్చేవాడు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి ఆయన్ని తిట్టుకోవడం సులువు. మా అమ్మ మాత్రం ఆయన్ని ఎప్పుడూ తిట్టలేదు.

మా నాయన వాళ్ల అమ్మ, మా జేజి, మాతోనే ఉండేది. గడివేముల దగ్గర పల్లెలో వాళ్ల ఇల్లు ఒక వానాకాలంలో కూలిపోయింది. తాత అంతకు ముందే పోయాడు. దిక్కులేక కొడుకు దగ్గరికి వచ్చింది కానీ, బాడుగింట్లో ఆమెకు ఎన్నడూ కుదురు చిక్కలేదు. సాయంత్రం ప్రార్థన అయిపోయాక ఆమెది ఒకటే మాట. "నన్ను మాత్రం మన గడపలోంచి పంపించు నాయనా" అనేది. నాయన నవ్వేసి, "నీకేమైతాదిమా, గమ్మునుండు" అనేవాడు. మన గడప ఏది అని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను మూడో తరగతిలో ఉండగా జేజికి జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. కొద్దిరోజులకే, ఒక ఉదయం, ఆమె పోయింది. నాయన ఎడ్లబండి మాట్లాడుకుని ఆమెను ఇంటికి తెచ్చాడు. బండి మా సందులో మలుపు తిరిగేసరికి ఇంటాయన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన వెనకే ఇంటామె తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన చేతులు జోడించి, "సారూ, ఏమనుకోవద్దు. నా కూతురు నీళ్లోసుకోని పుట్టింటికొచ్చి ఉండాది. శవాన్ని మాత్రం లోపలికి తేవద్దు" అన్నాడు. గట్టిగా అనలేదు, బతిమాలినట్టే అన్నాడు.

బండి మధ్యవీధిలో ఆగిపోయింది. ఎద్దులు తలలు ఆడిస్తున్నాయి. జేజి ముఖం మీద ఎండ పడుతోంది. అమ్మ ఇంట్లోకి పోయి నీళ్లబిందె, సబ్బు, ఉతికిన తెల్లచీర తెచ్చింది. సందు చివర వేపచెట్టు కింద బండిని నిలిపారు. మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు కొందరు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. ఒక చీర కొంగు నా చేతికిచ్చారు. గాలికి అది లాగుతుంటే రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఆ అడ్డంలోపల అమ్మ జేజికి స్నానం చేయించి, జుట్టు దువ్వి, తెల్లచీర కట్టింది. వీధిలో పోయేవాళ్లు సైకిళ్లు దిగి నిలబడి చూసిపోయారు. జేజి ఆ చెట్టు కిందనుంచే సమాధుల తోటకు పోయింది.

తిరిగి వస్తుంటే అమ్మ నాయనతో ఒకే మాట అంది. "ఎట్లాంటిదైనా సరే, మనదని ఒకటుండాల." ఆ తర్వాత చాలా రోజులు ఆమె పని చేసేది, అన్నం పెట్టేది, పడుకునేది. ఇంటాయన కూతురు ప్రసవించి బిడ్డను ఎత్తుకున్నప్పుడు, ఆ పసిబిడ్డకు టోపీ కుట్టి ఇచ్చింది కూడా. కానీ ఆమె మనసు ఆ ఇంట్లోంచి అప్పటికే వెళ్లిపోయింది. ఆ సంగతి పిల్లలకు కూడా తెలిసిపోయేది.

మరుసటి ఏడు నాయనను ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె బడికి మార్చారు. అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆళ్లగడ్డలో ఇల్లు కొందామని ఆమె పట్టు. నాయన మళ్లీ బాడుగిల్లే చూద్దామన్నాడు. మంచి ఇళ్లు మా శక్తికి మించినవి. మా శక్తికి అందినవి చూపించినవాళ్లు, మేము చర్చికి పోయేవాళ్లమని తెలిశాక ఒక్కోసారి మాట మార్చేవాళ్లు. చివరికి ఊరి అంచున ఒక ముసలాయన ఇల్లు అమ్ముతున్నాడని ఎవరో చెప్పారు. భార్య పోయి ఒంటరివాడై, కోయిలకుంట్లలో కూతురింటికి పోతున్నాడట. ఆ ఇంటిని చూసినవాళ్లందరూ వెనక్కి పోతున్నారట.

ఎందుకు పోతున్నారో చూడగానే తెలిసింది. అది పాతకాలపు మట్టి మిద్దె. పైన గడ్డి మొలిచింది. ఒక మూల దూలం కుంగి, పైకప్పు చిన్న దొన్నెలాగా లోపలికి వంగింది. వెలుతురు కోసం వదిలిన గవాచి దగ్గర మన్ను జారిపోయి ఆకాశం కనిపిస్తోంది. లోపల చిన్న చిన్న గదులు మూడు. గోడల మీద చెదలు గీసిన మట్టిగీతలు. కింద పరిచిన బండలు కాలు పెడితే టకటకమని కదిలాయి. పడమటి గోడ వెనక్కి వాలి, ఇంకొక వాన వస్తే పడుకుంటానన్నట్టు ఉంది. నాయన ఒక్కో గదీ చూస్తూ, "ఇది కొనేదానికంటే బాగు చేసేదానికే ఎక్కువైతాది" అంటూ నడిచాడు.

అమ్మ పెరటి తలుపు గొళ్లెం తీసింది. తుప్పు పట్టిన గొళ్లెం, రావడానికి మొరాయించింది. తలుపు తెరుచుకుని వెలుగు ఒక్కసారిగా లోపలికి పడింది.

వెనక జాగా ఎంత ఉందంటే, నంద్యాలలో మేమున్న మిద్దెలాంటివి నాలుగైదు అందులో పెట్టొచ్చు. మధ్యలో కూలిపోయిన పశువుల కొట్టం. దాని రాళ్లు కుప్పలుగా పడి ఉన్నాయి. ఒక వైపు కానుగచెట్టు, ఇంకో వైపు సీతాఫలం చెట్లు, మిగిలినదంతా ముళ్లకంప, పిచ్చిమొక్కలు. అన్నింటి మధ్యనుంచి ఏటవాలుగా, ఆ చివరినుంచి ఈ చివరికి, పాపిట తీసినట్టు ఒక సన్నని కాలిదోవ. దాని మీద గడ్డిపోచ లేదు. తమ్ముడు అప్పుడే దాని మీద పరుగు మొదలుపెట్టాడు.

ఇల్లమ్మే ముసలాయన ఆ దోవను చూపించి, "ఎనక గుడిసెలోళ్లు ఈడనే నడుస్తాంటారు సారూ. మా నాయన కాలం నుంచీ అంతే" అన్నాడు. నాయన తలూపాడు. అమ్మ విన్నదో లేదో తెలియదు. ఆమె చూపు జాగా మీదనే ఉంది. నేను ఆమె ముఖంలోకి చూశాను. జేజి పోయినప్పటినుంచి నేను చూడని ముఖం అది. "గోడలు పడితే నిలబెట్టుకుందాం. ఇంత జాగా యాడ తెచ్చుకుంటాం?" అంది నాయనతో. ఆమె చేతి బంగారు గాజులు ఆ వారంలోనే పోయాయి. తర్వాత ఆమె చేతులకు మట్టిగాజులే చూశాను.

వేసవి సెలవుల్లో ఆ ఇంటిని బాగు చేసుకున్నాం. ఉండటానికి ఒక గదిని మాత్రం ముందు సరిచేసుకుని, మిగతా పని మేమే మొదలుపెట్టాం. నాయన బడిలో వేసుకునే పంచె విప్పి లుంగీ కట్టాడు. తోడుకు వెనక గుడిసెలనుంచి ఒక చెంచు తాతను, ఆయన భార్యను పిలిచారు. నల్లమల కొండలనుంచి దిగివచ్చి మా జాగా వెనక గుడిసెలేసుకున్న కుటుంబాలు అవి. అడవికి పోయి కట్టెలు, తేనె, చీపురుపుల్లలు తెచ్చి అమ్మేవాళ్లు. చేలల్లో పని ఉంటే చేసేవాళ్లు.

ఆ తాత పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. నెరిసిన జుట్టు ముడేసుకుని, భుజాన చిన్న గొడ్డలితో వచ్చేవాడు. మాట తక్కువ. పిలిస్తే పలికేవాడు, అడిగితే చెప్పేవాడు, అంతే. ఆయన భార్యదీ అదే తీరు. ఇద్దరూ పొద్దున్నే ఆ కాలిదోవ మీద ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చేవాళ్లు. పాత మన్ను దించారు. దూలాల మీద అడ్డంగా పరిచిన దంతెల్లో కుళ్లినవి లాగేసి కొత్తవి వేశారు. మా జాగా పక్కన పారే వంక అవతలినుంచి చౌడు మన్ను గంపలతో మోసి తెచ్చి, వాన దిగకుండా మిద్దె మీద పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టారు. ఒక్కోరోజు ఆయన అడవినుంచి నేరుగా వచ్చేవాడు. అలా వచ్చినరోజు ఆకుదొప్పలో పాలపండ్లు తెచ్చి, "పాపా, ఇందా" అని నా చేతిలో పెట్టేవాడు. అవి తింటే పెదాలు బంకబంకగా అతుక్కునేవి. అది చూసి ఆయన నవ్వేవాడు. నాకు తెలిసి ఆయన గట్టిగా నవ్వింది అప్పుడే.

పడమటి గోడ విప్పి మళ్లీ కట్టారు. బండలు లేపి, కింద ఇసుక పోసి పరిచారు. గోడలకు అమ్మే సున్నం కొట్టింది. మిద్దె ఎంత చిన్నదైనా తిరిగి లేచి నిలబడింది. ఆ రోజుల్లో మా అమ్మ పాడటం విన్నాను. ఆరాధనలో పాడే పాటలే. కానీ ఇంట్లో, గొంతు దాచుకోకుండా పాడింది.

ఇల్లు అయ్యాక అమ్మ జాగా చుట్టూ గోడ పెట్టాలంది. కొట్టం రాళ్లు ఎలాగూ ఉన్నాయి. నాయన కంప నాటితే చాలన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆమె ఆశ ఇప్పుడు నాకు బాగా అర్థమవుతుంది. ఏళ్లకు ఏళ్లు ఇంకొకరి నడవలోంచి తలొంచుకుని నడిచిన మనిషి. చుట్టూ తన గోడ ఉండాలని, తాను తెరిస్తేనే తెరుచుకునే వాకిలి ఉండాలని అనుకుంది. పొద్దున పెరట్లో స్నానం చేసి తడిజుట్టుతో నిలబడితే తెలియని ముఖం ఒక్కటి కూడా కనిపించకూడదని అనుకుంది. అది తప్పని నేను ఈ రోజుకీ అనలేను.

రాళ్లు మోయడానికి మళ్లీ ఆ తాతే వచ్చాడు. గోడ ముందు రెండు పక్కలా లేచింది. వెనక పక్క వరుస పెట్టే రోజున నేను కానుగచెట్టు కింద రాళ్లమీద కూర్చుని ఉన్నాను. ఆయన ఒక రాయిని భుజాన పెట్టుకుని వచ్చి, కాలిదోవ మీద ఆగి, అమ్మ వైపు చూసి, "అమ్మా, దోవ యాడ పెడ్తాండావ్?" అని అడిగాడు. మెల్లగా అడిగాడు. అమ్మ తాడు పట్టి గోడ సూటి చూస్తోంది. తలెత్తకుండానే, "దోవెందుకప్పా ఇంగ? వంకలోంచి పోతే సరిపాయె గదా" అంది.

ఆయన కాసేపు అట్లాగే నిలబడ్డాడు. ఆ రాయి బరువుకు ఆయన మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. మళ్లీ అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. వంగి ఆ రాయిని దోవకు అడ్డంగా దించాడు. అటూ ఇటూ కదిపి చూసి, కింద చిన్న రాయి దూర్చి, గట్టిగా కూర్చోబెట్టాడు. సాయంత్రానికి వెనక గోడ నా తల కంటే ఎత్తు లేచింది. ఆ రోజు పని అయ్యాక ఆయన, ఆయన భార్య మా ముందు వాకిట్లోంచి బయటికి పోయి, చుట్టూ తిరిగి, వంకలో దిగి తమ గుడిసెలకు చేరారు. వేసవి కనుక వంకలో ఇసుకే ఉంది. నడవడానికి ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత గుడిసెలవాళ్లు అందరూ అట్లాగే తిరిగి పోయేవాళ్లు. ఎవరూ వచ్చి అడగలేదు, ఎవరూ గొడవ పడలేదు. కొద్దిరోజుల్లోనే దోవ మీద గడ్డి మొలిచింది. అమ్మ అక్కడ చిక్కుడు, సొర, బెండ విత్తింది. ఒక బర్రెను కూడా కొందామని నాయనతో చెప్పుకునేది. గోడ వెనకనుంచి పిల్లల అరుపులు వినిపిస్తాయి కానీ మనుషులు కనిపించరు. నాకు పాలపండ్లు రావడం మానేశాయి. అంతకుమించి నేను ఆలోచించలేదు. పిల్లలు అంతే కదా.

ఆ ఏడు వానలు ముందు మొహం చాటేసి, తర్వాత ఒక్కసారిగా పడ్డాయి. కొత్త మిద్దె ఒక్క చుక్క కారలేదు. అమ్మ ప్రతి గదిలోకీ పోయి పైకి చూసి, చేత్తో గోడలు తడిమి వచ్చేది. వంక ఎర్రగా, నురగలతో పొంగింది. అవతల చేలకు పోయేవాళ్లు ఒడ్డున నిలబడి చూసి తిరిగి పోతున్నారు. గుడిసెలవాళ్లు రెండురోజులుగా బయటికి రాలేదని అప్పుడు మాకు తట్టలేదు.

మూడోరోజు పొద్దున వాన తగ్గి తుంపర పడుతోంది. నాయన బడికి బయల్దేరబోతున్నాడు. అమ్మ పెరట్లో తీగలకు పుల్లలు పాతుతోంది. నేను పెరటి గడపలో కూర్చుని పలకకు బొగ్గు రుద్దుతున్నాను. వెనక గోడ అవతల చాలామంది మనుషులు మెల్లగా మాట్లాడుకుంటున్న చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు. ఏం చేద్దామని తర్జనభర్జన పడే మాటల చప్పుడు. తర్వాత గోడ పైన ఒక మనిషి ముఖం కనిపించింది. ఆ తాత కొడుకు. రాయి మీద ఎక్కి నిలబడినట్టున్నాడు.

"అమ్మా" అని పిలిచాడు. అమ్మ తిరిగి చూసింది. "మా నాయన సచ్చిపాయినాడు. జరమొచ్చి నిన్న పొద్దుగూకినాంక పాయినాడు. వంక పొంగుతాండాది, దిగనీకి కాదు. ఊరు సుట్టుకోని పెద్ద వీధిలోంచి పోదామంటే మా పాడెను పోనియ్యరు." అవతలివైపు ఒకసారి తిరిగి చూసి, మళ్లీ ఇటు తిరిగాడు. "గోడ మీంద నుంచి అందిస్తాం. ఈ పక్క పట్టుకునేదానికి సారును పిలుస్తావా?"

మేము నడిచే ఊరి పెద్ద వీధిలోంచి వాళ్ల పీనుగ పోకూడదని ఒక కట్టడి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. అమ్మకు కూడా తెలియదనే అనుకుంటాను. వాళ్లు పూడ్చుకునే బీడు మా ఇంటి ముందు రోడ్డు దాటితే, గుట్ట వారన ఉంది. తాతల నాటినుంచి వాళ్ల చావులన్నీ ఆ కాలిదోవ మీదనే నడిచాయి. మాకు అది పాపిటలాగా ఒక గీత. వాళ్లకు బతికినప్పుడూ పోయినప్పుడూ ఉన్న దోవ అదొక్కటే.

అమ్మ చేతిలో పుల్ల కిందపడింది. ఆమె తుంపరలో తడుస్తూ ఆ గోడను, గోడపైన ఉన్న ఆ ముఖాన్ని చూస్తూ నిలబడిపోయింది. నేను లేచి ఆమె దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూడలేదు.

"అందియ్యొద్దు" అంది చివరికి. "ఆగండప్పా. అందియ్యొద్దు."

కానుగచెట్టుకు ఆనించి ఉన్న గడ్డపార తీసుకుని నేరుగా గోడ దగ్గరికి పోయింది. సొర తీగలు కాళ్లకు చుట్టుకుంటే వాటిని తొక్కుకుంటూ పోయింది. పైరాళ్లు సులువుగా వచ్చాయి. కింద వరుసలు రాలేదు. ఆ తాత ప్రతి రాయినీ కుదురుగా కూర్చోబెట్టాడు. చిన్న రాళ్లు దూర్చి, మన్ను కూరి, కదలకుండా పెట్టాడు. అమ్మ గడ్డపార వేసి మీదపడి ఒత్తేది. రాయి కదిలేది కాదు. మళ్లీ వేసేది. మట్టిగాజులు పగిలి మణికట్టు మీద నెత్తురు కారింది. అప్పటికి నాయన పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని అడగలేదు. చొక్కా విప్పి కానుగ కొమ్మకు తగిలించి, ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. అవతలనుంచి వాళ్లూ చేతులేశారు. అమ్మ వంగి, వచ్చిన రాయిని వచ్చినట్టు పక్కకు దొర్లిస్తూ పోయింది. మధ్యలో ఒకసారి, ఎవరితోనూ కాకుండా, "ఈయప్ప అడిగినాడు. అడిగినాడే" అంది.

గోడలో పాడె పట్టేంత సందు అయ్యింది. వెదురు పాడె మీద ఆయన ఉన్నాడు. పాత దుప్పటి కప్పారు. అది తడిసి ఆయన ఒంటికి అతుక్కుపోయి ఉంది. వాళ్లు లోపలికి అడుగుపెట్టి, జాగా దాటించి ముందు వాకిట్లోంచి బయటికి పోబోయారు. అంతలో తుంపర మళ్లీ వానైంది. అమ్మ వాళ్లకు అడ్డం పోయి నిలబడింది. "ఈడ దించండి" అంది, ఇంటి ముందరి పంచ చూపించి. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "వాన తగ్గేదాంక ఈడ దించండప్పా. నానిపోతాండాడు."

తాత భార్య వెనక ఉంది. ఆమె ముందుకొచ్చి, "వద్దులే అమ్మా. కొత్తిల్లు" అంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పంచమీదికి తీసుకుపోయింది.

అట్లా ఆయన్ని మా ఇంటి పంచలో, ఆయనే పరిచిన బండల మీద దించారు. అమ్మ లోపలికి పోయి పొడి దుప్పటి తెచ్చి తడిది తీసి కప్పింది. పొయ్యి రాజేసి నీళ్లు కాచింది. తాత భార్య ముఖం, చేతులు కడిగించి, తన చీర ఒకటి ఇచ్చి కట్టుకోమంది. కాఫీ పెట్టి అందరికీ గ్లాసుల్లో పోసింది. నన్నూ తమ్ముడినీ పిలిచి ఆయన కాళ్లకు దండం పెట్టించింది. నేను ఆయన ముఖం చూశాను. నిద్రపోతున్నట్టేమీ లేదు. చనిపోయినట్టే ఉంది. కానీ వాన తగలకుండా ఉంది. నాకు అది చాలా పెద్ద సంగతిగా తోచింది.

వాన తెరిపి ఇచ్చాక పాడె లేపారు. నాయన కూడా ఒక పక్క భుజం పట్టాడు. తడిసిన బనియనుతో, వట్టి కాళ్లతో రోడ్డు దాటి బీడుదాకా పోయాడు. ఆ రోజు ఆయన బడికి పోలేదు.

ఎదురింటి ఆవిడ వాకిట్లో నిలబడి అంతా చూసింది. వాళ్లు వెళ్లిపోయాక గడప దగ్గరికొచ్చి, లోపలికి రాకుండానే, "ఏందమ్మా ఇది? కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఎవరిదో పీనుగను దించుకుంటారా ఎవరన్నా? ఇల్లు కొన్నది ఇందుకా?" అంది. ఆమె కోపంగా అనలేదు, నిజంగానే భయపడింది. అమ్మ పంచ కడుగుతోంది. చీపురు ఆపి, నడుం నిటారు చేసి, "ఇందుకే గదక్కా" అంది. అంతే. మళ్లీ వంగి నీళ్లు చల్లింది. అమ్మ భుజాలు కదులుతుండటం చూసి, ఆమె ఏడుస్తోందని నాకు అప్పుడు తెలిసింది. జేజి పోయినరోజు ఆమె ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది.

పడిన గోడను మళ్లీ కట్టలేదు. నెలరోజుల తర్వాత ఆ తాత కొడుకు తనంతట తానే వచ్చి, సందుకు రెండు వైపులా రాళ్లు సర్ది, గోడ అంచులు జారకుండా కట్టి పోయాడు. అమ్మ కూలి ఇస్తే తీసుకోలేదు. చిక్కుడుకాయలు ఇస్తే తీసుకున్నాడు. మళ్లీ దోవ పడింది. పొద్దున్నే కట్టెలమోపులతో ఆడవాళ్లు మా పెరట్లోంచి నడిచిపోయేవాళ్లు. అమ్మ తడిజుట్టుతో నిలబడి ఉంటే "ఏందమ్మా, నీళ్లు పోసుకున్నావా?" అని పలకరించి పోయేవాళ్లు. తాత భార్య పోతూ పోతూ ఒక్కోరోజు పంచలో కాసేపు కూర్చునేది. ఇద్దరూ పెద్దగా ఏమీ మాట్లాడుకునేవాళ్లు కాదు.

ఎనభైలలో ఊరు పెరిగి జాగాలకు గిరాకీ వచ్చింది. మధ్యలో దోవ ఉంటే జాగా రెండు ముక్కలైనట్టే, మూసేస్తే మంచి బేరం వస్తుందని నాయనకు చాలామంది చెప్పారు. నాయన ప్రతిసారీ, "అది మా ఇంటామెను అడగండి" అని తప్పుకునేవాడు. అమ్మను అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి, నాకు బుద్ధి వచ్చిందనుకుని, ఆ గోడ కట్టడం వల్లే కదా ఇదంతా, ముందే దోవ వదిలి ఉంటే సరిపోయేది కదా అన్నాను. ఆమెకు కోపం రాలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ చెప్పింది. "గోడ కట్టడం తప్పు గాదు పాపా. ఆయప్ప బరువు మోస్తా నిలబడి నన్నొక మాటడిగినాడు. నేను తల గూడా ఎత్తల్యా. అట్లా అడిగేటోళ్లు రెండోసారి అడగరు."

నేను నర్సు ఉద్యోగం ముప్పై ఏళ్లకు పైగా చేశాను. ఆసుపత్రిలో గట్టిగా అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల పని ఎలాగూ అవుతుంది. మంచం పక్కన నిలబడి, గొంతులోనే ఒక మాట అని, జవాబు సగంలో ఉండగానే "సరేలేమ్మా" అని తిరిగిపోయేవాళ్లు వేరే ఉంటారు. చేతిలో సూది ఉన్నా, మందుల పళ్లెం ఉన్నా, అది కింద పెట్టి వాళ్ల వెనక పోయేదాన్ని. తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. కూరగాయలమ్మే ఆమె అయినా, మెట్లు తుడిచే మనిషి అయినా, ఏదో అనబోయి ఆగితే నేను ఉన్నచోట ఉండలేను. ఎదురుగా పోయి నిలబడి, వాళ్ల ముఖంలోకి చూసి, "ఏమో అడిగినావు, మళ్లా చెప్పు" అంటాను. చాలాసార్లు "ఏం ల్యాదులేమ్మా" అంటారు. అయినా నేను కదలను. వాళ్లు చెప్పేదాకా అక్కడే నిలబడతాను.